అధ్యక్షుల ఇంటి నంబరుతో లెటర్‌హెడ్ వద్దు: మన సంఘం కార్యవర్గానికి బహిరంగ లేఖ

అధ్యక్షులు గారికి, కార్యదర్శి గారికి, కోశాధికారి గారికి, కార్యవర్గంలోని మిగతా మిత్రులకు నమస్కారం.

మన రక్తదాన సంఘం మొన్నటి సమావేశంలో లెటర్‌హెడ్‌కి ఏ రంగు బావుంటుంది, లోగో ఎడమ పక్కన పెట్టాలా మధ్యలో పెట్టాలా అని చాలాసేపు మాట్లాడుకున్నాం. అడ్రసు దగ్గరికి వచ్చేసరికి టీలు వచ్చాయి. "అదేముందిలే, అధ్యక్షులు గారి ఇల్లు వేసేద్దాం" అని ఒకరన్నారు. "ఒంగోలులో మా బావమరిది ఫ్లాటు ఖాళీగానే ఉంది, అది వేస్తే కాస్త బరువుగా కనబడుతుంది" అని ఇంకొకరన్నారు. మాట అక్కడే ఆగిపోయింది. ప్రెస్సు వాళ్లు మాత్రం ఆగలేదు, ప్రూఫు కాగితం పంపేశారు. అందులో అధ్యక్షులు గారి ఇంటి నంబరు ఉంది. అందుకే ఈ ఉత్తరం.

ఈ మాట కార్యవర్గానికి మాత్రమే రాసి ఊరుకోవచ్చు. కానీ మన కందుకూరు చుట్టుపక్కల రక్తదానం చేసేవాళ్లు, కంటి శిబిరాలు పెట్టేవాళ్లు, బడి పిల్లలకు నోటుపుస్తకాలు కొనిచ్చేవాళ్లు కొత్తగా సంఘాలు కడుతున్నారు. వాళ్లకూ ఈ ముడి ఎదురవుతుంది. అందరూ చదివితే మంచిదని బహిరంగంగానే రాస్తున్నాను.

నేను తపాలా శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి. జనం కవరు మీద ఏం రాస్తారో, ఆ రాతను బట్టి కవరు ఎక్కడ చిక్కుకుంటుందో చూస్తూనే ఉద్యోగం గడిచింది. కాబట్టి లోగో గురించి నాకు పట్టింపు లేదు, అడ్రసు గురించి ఉంది. సంఘానికి ఉత్తరం వస్తే పగటిపూట దాన్ని అందుకునే మనిషి ఉండాలి. అందుకున్నది ఆ వారంలోనే కార్యవర్గం చేతికి రావాలి. ఆ చోటు ఏ ఒక్కరి సొంత ఇల్లో, సొంత దుకాణమో కాకూడదు. ఇవి చూసుకున్నాక హోదా గురించి ఎంతసేపైనా మాట్లాడుకుందాం.

అధ్యక్షులు గారూ, మీ ఇంటి మాట ముందు చెబుతాను, తప్పుగా అనుకోవద్దు. మీ ఇంట్లో సంఘానికి ఎప్పుడూ మంచినీళ్లకూ మజ్జిగకూ లోటు రాలేదు. అయినా మన నిబంధనల ప్రకారం అధ్యక్ష పదవి రెండేళ్లే. రెండేళ్ల తర్వాత పదవి ఇంకొకరికి వెళ్తుంది, ఇల్లు మీ దగ్గరే ఉంటుంది. ఉత్తరాలు మాత్రం పాత అడ్రసునే పట్టుకుని వస్తూ ఉంటాయి. మన లెటర్‌హెడ్ మీద రాసిన కృతజ్ఞతాపత్రాన్ని ఒక దాత ఫైల్లో దాచుకుంటారు. నాలుగేళ్ల తర్వాత వాళ్ల నాన్నగారి పేరు మీద ఇంకో విరాళం పంపాలనిపిస్తే ఆ కాగితం తీసి అందులో ఉన్న అడ్రసుకే చెక్కు పంపుతారు. అప్పటికి మీరు హైదరాబాదులో మీ అమ్మాయి దగ్గర ఉండొచ్చు.

ఇది ఊహ కాదు. మనకు దగ్గరలోని ఒక సంఘంలో, పేరు చెప్పను, అధ్యక్షుడికీ కార్యదర్శికీ మాట పడలేదు. అడ్రసు అధ్యక్షుడి ఇల్లు. ఆయన పదవి దిగిపోయాక కూడా ఉత్తరాలు ఆయన ఇంటికే వెళ్లేవి, ఆయన వాటిని తిప్పి పంపేవాడు కాదు, తెరిచేవాడూ కాదు, టీవీ కింద అరలో పెట్టేవాడు. బ్యాంకు వాళ్లు కేవైసీ కాగితాలు ఇమ్మని రాసిన ఉత్తరం కూడా ఆ అరలోకే వెళ్లింది. ఖాతా ఆగిపోయింది. అది తెలిసింది ఎప్పుడంటే, కంటి శిబిరం తర్వాత డాక్టర్ల భోజనాలకు ఇచ్చిన చెక్కు వెనక్కి వచ్చినప్పుడు. ఆ పెద్దమనిషి చెడ్డవాడేం కాదు. కోపం వచ్చింది, అంతే. మనుషులకు కోపాలు వస్తాయి. ఒకరి కోపంతో సంఘం ఉత్తరాలు ఆగిపోయే ఏర్పాటు మనం చేతులారా చేసుకోకూడదు.

చట్టం వైపు నుంచి చూసినా ఇంతే. మన సంఘం 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదైంది. కనీసం ఏడుగురు కలిసి సంతకాలు పెట్టి, మెమొరాండం అనే సంఘం ఏర్పాటు పత్రంలో ఆశయాలతో పాటు ఆఫీసు ఎక్కడో కూడా రాసివ్వాలి. ఆ అడ్రసే తర్వాత పాన్ కార్డులోకి, బ్యాంకు ఖాతాలోకి, స్వచ్ఛంద సంస్థలు నమోదు చేసుకునే నీతి ఆయోగ్ వారి దర్పణ్ పోర్టల్లోకి పాకుతుంది. ఒకచోట మార్చితే మిగతా చోట్ల దానంతట అది మారదు. ప్రతిచోటా తీర్మానం నకలు, కొత్త అడ్రసు రుజువు, ఒక దరఖాస్తు, ఒక ఎదురుచూపు. ప్రతి ఎన్నిక తర్వాతా ఈ తిరుగుడు ఎవరు తిరుగుతారు? ఎవరూ తిరగరు. అందుకే చాలా సంఘాల కాగితాల్లో లెటర్‌హెడ్ మీద ఒక అడ్రసు, బ్యాంకులో ఒకటి, రిజిస్ట్రార్ దగ్గర మరొకటి ఉంటాయి. ఏదైనా ట్రస్టుకో కంపెనీకో సాయం కోసం దరఖాస్తు పెట్టినప్పుడు వాళ్లు ముందు చూసేది ఈ మూడూ కలుస్తున్నాయా లేదా అనే.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టంలో 27వ సెక్షన్ ఉంది. సరైన అడ్రసు రాసి, స్టాంపు ఖర్చు కట్టి, రిజిస్ట్రేషన్ చేసి పోస్టులో పంపిన ఉత్తరం మామూలుగా చేరాల్సిన సమయానికి చేరినట్టే లెక్క, కాదని మనం రుజువు చేస్తే తప్ప. అంటే ఒక నోటీసు మన రికార్డులో ఉన్న అడ్రసుకు వచ్చి, అక్కడ తాళం ఉండి వెనక్కి పోయినా, "మాకు అందలేదు" అని చేతులు దులుపుకోవడం అంత తేలిక కాదు.

అడ్రసు ఇల్లైతే ఇంట్లోవాళ్లు పడే బాధ వేరే. మనది రక్తదానం చేసే సంఘం. ఆస్పత్రిలో మనిషి ఉన్నవాడికి వేళాపాళా తెలియదు. లెటర్‌హెడ్ మీదో కరపత్రం మీదో ఇంటి నంబరు చూసి అర్ధరాత్రి తలుపు కొడితే అధ్యక్షులు గారు లేస్తారు, నాకు తెలుసు. వారి ఇంట్లో అమ్మగారు కూడా లేస్తారు. రేపు ఒక ఆడపిల్ల కార్యదర్శి అయితే ఆమె ఇంటి అడ్రసు వేయిమంది చేతుల్లోకి వెళ్లే కాగితం మీద అచ్చు వేస్తామా? వెయ్యం కదా. ఆమెకు వద్దన్నది ఇంకెవరికీ వద్దు. సొంత ఫోన్ నంబర్ల సంగతీ అంతే. సంఘం పేరు మీద ఒక సిమ్ తీసుకుని, వంతుల వారీగా ఎవరో ఒకరి దగ్గర ఉంచుకుందాం.

మెయిన్ రోడ్డు మీది కాంప్లెక్సులో గది ఊరికే ఇస్తామన్న నాయకుడి గారి మాట కూడా వచ్చింది. వారికి నమస్కారం. గది తీసుకుంటే అడ్రసులో కాంప్లెక్సు పేరు పడుతుంది, కాంప్లెక్సుకు వారి నాన్నగారి పేరు ఉంది. ఆ తర్వాత మన లెటర్‌హెడ్ మీద ఏ ఆఫీసుకు ఏం రాసినా అది వారి మనుషులు రాసిన ఉత్తరమే అవుతుంది. ఎన్నికలయ్యాక గది ఉంటుందో లేదో వేరే సంగతి. సభ్యుల దుకాణాల అడ్రసులూ నాకు ఇష్టం లేదు. మందుల షాపు పేరుతో "కేరాఫ్" అని వేస్తే ఉత్తరం భద్రంగా చేరుతుంది, పగలంతా మనిషీ ఉంటాడు. కానీ విరాళం ఇచ్చేవాడికి ఇది సంఘమా, షాపు ప్రచారమా అని అనుమానం వస్తుంది. ఆ షాపాయన ఎంత మంచివాడైనా ఆ అనుమానం వస్తుంది.

ఇక ఒంగోలు ఫ్లాటు, కాదంటే నెల్లూరు అడ్రసు అన్న మాట. "జిల్లా కేంద్రం అడ్రసు ఉంటే కలెక్టర్ ఆఫీసులో విలువ ఉంటుంది" అని ఒక తమ్ముడు గట్టిగా వాదించాడు. నేను ఒకటే అడుగుతాను. తమ్ముడూ, మన జిల్లా కేంద్రం ఏది?

కందుకూరు ఒకప్పుడు నెల్లూరు జిల్లాలో ఉండేది. 1970 ఫిబ్రవరి 2న నెల్లూరు, గుంటూరు, కర్నూలు జిల్లాల నుంచి తలా కొంత తీసి ఒంగోలు జిల్లా చేశారు. నెల్లూరు నుంచి వెళ్లిన భాగంలో కనిగిరి, పొదిలి, దర్శితో పాటు మనమూ ఉన్నాం. 1972లో టంగుటూరి ప్రకాశం పంతులు గారి పేరు పెట్టి ప్రకాశం జిల్లా అన్నారు. అప్పటి నుంచి మన పెద్దల పెళ్లి శుభలేఖల మీద, పొలం కాగితాల మీద, బడి సర్టిఫికెట్ల మీద అంతా ప్రకాశం జిల్లానే. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో పదమూడు జిల్లాలు ఇరవై ఆరయ్యాయి. మనం మళ్లీ నెల్లూరుకు వెళ్లాం. ఆ జిల్లాకు 2008లోనే శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా అని పేరు మార్చారు. గౌరవంగా పూర్తిగా రాస్తే లెటర్‌హెడ్‌లో ఆ పేరే ఒక లైను. ఆ తర్వాత కందుకూరును మళ్లీ ప్రకాశంలో కలపాలనే మాటా నడిచింది. ఊరు ఉన్నచోటే ఉంది, జిల్లా పేరు మాత్రం ఇన్నిసార్లు మారింది. మన బజారులో బోర్డులు చూడండి, ఒక షాపు మీద ప్రకాశం, పక్క షాపు మీద నెల్లూరు. ఏ బోర్డు ఎప్పుడు రాయించారో జిల్లాను చూసి చెప్పేయొచ్చు.

ఇందులో మారనిది ఒక్కటే, పిన్ కోడ్. 523105. 1972 ఆగస్టు 15న పిన్ కోడ్ వచ్చింది, ఒంగోలు జిల్లాకు ప్రకాశం పేరు పెట్టిన ఏడాదే. మొదటి అంకె 5 అంటే మన దక్షిణాదిలో ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటకల వైపు. మొదటి మూడూ కలిపి 523 అంటే తపాలా లెక్కలో ప్రకాశం వైపు ఉత్తరాల సార్టింగు. నెల్లూరు వైపుది 524. చివరి మూడు అంకెలు ఉత్తరం పంచే పోస్టాఫీసును చెబుతాయి. 2022లో రెవెన్యూ వాళ్లు మనల్ని నెల్లూరులో కలిపినా తపాలా వాళ్లు 523ని 524 చేయలేదు. చేయాల్సిన పనీ లేదు, ఉత్తరం ఏ రైలు దిగి ఏ సంచిలో రావాలన్నది జిల్లా సరిహద్దును బట్టి ఉండదు. మనకు దగ్గరి స్టేషన్ సింగరాయకొండే. జిల్లా ఏదైనా ఆ స్టేషను కదలదు.

పిన్ తప్పనిసరిగా వేయమనడానికి ఇంకో కారణం కూడా ఉంది. తెలంగాణలో రంగారెడ్డి జిల్లాలోనూ ఒక కందుకూరు ఉంది, మండల కేంద్రమే. ఢిల్లీ నుంచో ముంబై నుంచో పంపేవాడికి రెండు కందుకూర్లున్నాయని తెలియదు. ఇంగ్లీషులో ఒకరు చివర "ఉ" పెడతారు, ఒకరు పెట్టరు. కవరును సరైన కందుకూరుకు తోలేది ఆ ఆరు అంకెలే. కాబట్టి నా సలహా: లెటర్‌హెడ్ మీద జిల్లా పేరు వద్దే వద్దు. కందుకూరు, ఆంధ్రప్రదేశ్, 523105. అది చాలు. ఏదైనా ఫారంలో జిల్లా అడిగితే ఆ రోజుకు ఏ జిల్లానో అది రాద్దాం. అచ్చేసిన కాగితాలను మాత్రం ప్రభుత్వం తీసుకునే ప్రతి నిర్ణయానికీ చెత్తబుట్టలో వేయలేం.

వేటపాలెం సారస్వత నికేతనాన్ని చూడండి. 1918లో మొదలైన గ్రంథాలయం. అప్పట్లో అది గుంటూరు జిల్లా, తర్వాత ప్రకాశం, 2022 నుంచి బాపట్ల. పరిశోధన చేసేవాళ్లు ఎక్కడెక్కడి నుంచో పాత పత్రికల కోసం అక్కడికి వస్తారు. వాళ్లలో ఎవరూ జిల్లా పేరు చూసి రాలేదు. ఊరి పేరే ఆ సంస్థకు విలువ తెచ్చిందో, సంస్థే ఊరికి తెచ్చిందో తేల్చడం కష్టం. మన పని బావుంటే కలెక్టర్ ఆఫీసులో కందుకూరు అన్న పేరుకూ విలువ ఉంటుంది. ఒంగోలు ఫ్లాటుకు పోస్ట్‌మ్యాన్ ఉత్తరం తెస్తే తీసుకునేదెవరు? ఖాళీ ఫ్లాటు అని మీరే అన్నారు కదా.

కుర్రవాళ్లలో ఇద్దరు ముగ్గురు పోస్ట్ బాక్స్ తీసుకుందామన్నారు. పోస్టాఫీసులో అద్దెకు ఇచ్చే చిన్న తాళం పెట్టె, దానికో నంబరు. నాకు మనసులో దానిమీద ప్రేమ ఉంది, దాచను. అధ్యక్షులు మారినా, గది మారినా ఆ నంబరు మారదు. ఎవరి ఇంటి జాడా బయటపడదు. కానీ ఇబ్బందులున్నాయి. ప్రైవేటు కొరియర్ వాడు పోస్ట్ బాక్సులో వేయలేడు, వాడికి వీధీ మేడా కావాలి. రిజిస్ట్రారు, బ్యాంకు వాళ్లు ఉనికి ఉన్న చోటు అడుగుతారు, పెట్టె నంబరు రాస్తే ఒప్పుకోరు. సంతకం పెట్టి తీసుకోవాల్సినవి పెట్టెలో పడవు, కౌంటరు దగ్గరికి వెళ్లి తీసుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యం, పెట్టె తాళం తీసే మనిషి వారానికి ఒక్కసారైనా వెళ్లాలి. ఆ మనిషి ఎవరు అంటే మళ్లీ సమావేశం పెట్టాలి. పెద్ద ఎత్తున విరాళాల పిలుపు ఇచ్చినప్పుడు పోస్ట్ బాక్స్ మంచి ఉపాయమే. ఇప్పుడే అక్కర్లేదు.

మరి ఏ అడ్రసు? పామూరు రోడ్డులో మనం ఎలాగూ అద్దె కడుతున్న మేడ మీది గది. బ్యానర్లు, మడత కుర్చీలు, మంచినీళ్ల క్యాన్లు పెట్టుకునే గది. ఆదివారం సాయంత్రాలు కూర్చునేది అక్కడే. ఇంత దగ్గరగా ఉన్నదాన్ని ఎవరూ ప్రతిపాదించకపోవడానికి కారణం నాకు తెలుసు: రంగు వెలిసింది, మెట్లు ఇరుకు, పేరు పెట్టుకోవడానికి కాంప్లెక్సు కాదు. అయితే ఏం? ఉత్తరం ఎక్కి రావడానికి మెట్లు సరిపోతాయి.

ఒక చిక్కు ఉంది, దాన్ని దాటవేస్తే ఈ ఉత్తరం రాసిన లాభం లేదు. ఆ గది ఆరు రోజులు తాళం వేసే ఉంటుంది. పోస్ట్‌మ్యాన్ వచ్చేది పనిరోజుల్లో పగటిపూట. మనం చేరేది ఆదివారం, ఆ రోజు బట్వాడా లేదు. మామూలు ఉత్తరమైతే తలుపు కింద నుంచి తోసేస్తాడు. సంతకం కావాల్సినదైతే, "పైన ఎవురూ లేరు సార్, తాళం" అని వెనక్కి తెచ్చి "డోర్ లాక్డ్" అని రాస్తాడు. పోస్టాఫీసులో వారం పాటు ఉంచి, ఎవరూ రాకపోతే పంపినవాడికే తిప్పేస్తారు. బీట్ పోస్ట్‌మ్యాన్‌ను తిట్టి లాభం లేదు, అతను చేసింది రూలే.

దీనికి మందు కింద ఉన్న టైలరింగ్ షాపు. పొద్దున తొమ్మిదికి తెరిస్తే రాత్రి దాకా మిషన్ శబ్దం ఆగదు. ఆయన మన శిబిరాల్లో రక్తం ఇచ్చినవాడు, రాజకీయాలు లేవు, మన పదవుల మీద ఆశ లేదు. ఆయన్ను అడిగితే కాదనడు. కానీ నోటిమాటగా వదిలేయకూడదు. ఇక్కడ తపాలా లెక్క కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇటీవల మారింది.

2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు. ఉట్టి స్పీడ్ పోస్టు అయితే అడ్రసు చూసి ఇస్తారు, ఆ చోట ఉన్న మనిషి సంతకం పెట్టి తీసుకోవచ్చు. పంపినవాడు అదనంగా కొంత కట్టి రిజిస్ట్రేషన్ కోరుకుంటే మాత్రం ఎవరి పేరు రాశారో వాళ్ల చేతికే, లేదా వాళ్లు రాతపూర్వకంగా అధికారం ఇచ్చిన మనిషికే ఇవ్వాలి. మనకు వచ్చే ముఖ్యమైన కాగితాలు ఎక్కువగా ఈ రెండో రకమే అవుతాయి. కాబట్టి సంఘం తీర్మానం నకలుతో, అధ్యక్ష కార్యదర్శుల సంతకాలతో, టైలర్ గారి మాదిరి సంతకం జతపరిచి పోస్ట్‌మాస్టర్‌కు ఒక అధికారపత్రం ఇచ్చేద్దాం. ఆ తర్వాత పోస్ట్‌మ్యాన్‌కూ సందేహం ఉండదు, టైలర్ గారికీ ఉండదు. కొత్త పద్ధతిలో ఓటీపీ చెబితేనే ఇచ్చే సదుపాయం కూడా ఉంది. అది కోరుకుని పంపితే కవరు మీద ఉన్న ఫోనుకు ఓటీపీ వస్తుంది. సంఘం సిమ్ ఎవరి జేబులో ఉంటే వాళ్లు ఆ గంట ఫోను ఎత్తాలి.

మరో జాగ్రత్త కూడా ఉంది. ఉత్తరాలు రాసేవాళ్లను సంఘం పేరుతోనో, "కార్యదర్శి, ఫలానా సంఘం" అనో రాయమని చెప్పాలి. "శ్రీ ఫలానా గారు" అని వ్యక్తి పేరు పైన రాస్తే అది ఆ వ్యక్తి ఉత్తరం అవుతుంది, సంఘం ఉత్తరం కాకుండా పోతుంది. పదవి దిగిన మనిషి పేరుతో రిజిస్ట్రేషన్ ఉత్తరం వస్తే మన టైలర్ తీసుకోలేడు. పోస్టాఫీసులో ఇలాంటి పంచాయితీలు కౌంటరు అవతల నిలబడి ఎంతోమంది చేస్తారు, తప్పు ఎవరిదంటే కవరు మీద పేరు రాయించుకున్నవాళ్లది.

షాపులో ఒక రేకు డబ్బా పెడదాం. గదిలో ఒక ఇన్‌వర్డ్ రిజిస్టర్ పెడదాం: తేదీ, ఎవరి నుంచి, దేని గురించి, ఎవరికి ఇచ్చాం. ఆదివారం కూర్చోగానే మొదట ఆ డబ్బా తెరవాలి, తర్వాతే టీలు. ఈ రిజిస్టర్ ఉంటే రేపు ఆడిటర్ అడిగినా, కొత్త కార్యవర్గం అడిగినా సమాధానం ఉంటుంది.

ఇల్లుగలాయన దగ్గర రెండు కాగితాలు తెచ్చుకోవాలి. ఒకటి అద్దె ఒప్పందం, సంఘం పేరు మీద. ఇప్పుడున్నది కోశాధికారి గారి పేరు మీద ఉంది, అది మార్చాలి. రెండోది, ఆ గదిని సంఘం ఆఫీసు అడ్రసుగా వాడుకోవడానికి అభ్యంతరం లేదని ఒక ఉత్తరం. వాటికి కరెంటు బిల్లు నకలు కలిపితే అడ్రసు రుజువుగా పనికొస్తుంది. పదకొండు నెలల ఒప్పందం ప్రతిసారీ కొత్తది రాయించుకోవాలి, నిజమే. ఆయన ఖాళీ చేయమంటే ఏం చేస్తాం అని కూడా అడగొచ్చు. అలా జరిగితే పాత అడ్రసుకు వచ్చేవి కొత్త చోటికి పంపమని పోస్టాఫీసులో రీడైరెక్షన్‌కు రాసిస్తే కొన్నాళ్ల పాటు అలా పంపుతారు, ఆలోపు రిజిస్ట్రారుకు, బ్యాంకుకు, పాన్‌కు మార్పు చెప్పుకోవచ్చు. అప్పటికీ మారేది గది మాత్రమే. కందుకూరు, ఆ పిన్ కోడ్ అలాగే ఉంటాయి. పదవి మారినప్పుడల్లా మారడం కన్నా ఇది నయం.

జిల్లాల గీతలు ఇన్నిసార్లు కదిలాయి కాబట్టి మన సొసైటీ ఫైలు ఇప్పుడు ఏ జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో ఉందో కూడా ఈ సందర్భంలోనే రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి. నోటిమాట మీద ఒంగోలుకు ఒకసారి, నెల్లూరుకు ఒకసారి తిరగొద్దు.

ఇప్పుడు ప్రూఫు కాగితంలో ఉన్న మిగతా సంగతులు. పైన మూడు సింహాల గుర్తు వేశారు. తీసేయించండి. అది రాజ్యాంగబద్ధ పదవులకు, ప్రభుత్వానికి కేటాయించింది, 2005లో దానిమీద ప్రత్యేకంగా చట్టమే వచ్చింది, మనలాంటి సంఘాలు వేసుకోకూడదు. కుడిపక్కన ఎర్ర శిలువ వేశారు. రక్తదానం అనగానే ప్రెస్సులో కుర్రాడు ఆ బొమ్మ పెట్టేస్తాడు, పాపం వాడి తప్పేం లేదు. అదీ వాడకూడదు, 1960 నాటి జెనీవా ఒప్పందాల చట్టం కింద దానికి రక్షణ ఉంది. రక్తపు చుక్క బొమ్మ వేసుకుందాం, దాన్ని అడ్డుకునేవాళ్లెవరూ లేరు. "గవర్నమెంట్ ఆఫ్ ఇండియా రిజిస్టర్డ్" అని ఒక లైను ఉంది. మనల్ని నమోదు చేసింది జిల్లా రిజిస్ట్రారు, రాష్ట్ర చట్టం కింద. రిజిస్ట్రేషన్ నంబరు, సంవత్సరం వేస్తే చాలు. ఆదాయపన్ను మినహాయింపు మనకు ఇంకా రాలేదు, కాబట్టి విరాళానికి పన్ను తగ్గుతుందన్న మాట ఎక్కడా ఉండకూడదు. విరాళం ఇచ్చినవాడు దాన్ని నమ్మి పన్ను తగ్గించుకుంటే రేపు మాట పడేది మనం.

అడ్రసు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ వేయించండి. తెలుగు మనకు, ఇంగ్లీషు బయటి రాష్ట్రాల సార్టింగ్ ఆఫీసులకు. పాత డోర్ నంబరు, కొత్త డోర్ నంబరు అని రెండూ వేయకుండా మున్సిపాలిటీ పన్ను రసీదులో ఇప్పుడు ఏదుందో అదొక్కటే వేయాలి. "టైలరింగ్ షాపు పైన" అని గుర్తు రాస్తే పోస్ట్‌మ్యాన్‌కు మేలు. "ప్రక్కన, ఎదురుగా, వెనుక" అని మూడు గుర్తులు మాత్రం వద్దు. తపాలా శాఖ 2025లో తెచ్చిన డిజిపిన్ అని ఒకటుంది, పది అక్షరాల కోడు, దాదాపు నాలుగు మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు ఉన్న చోటును చూపిస్తుంది. చోటు మిగిలితే కింద చిన్న అక్షరాల్లో వేసుకోవచ్చు. మన ఊళ్లో మన గది వెతుక్కోవడానికి ఎవరికీ అది అవసరం పడదు. ఊరి బయట పొలం గట్టు మీద ఆఫీసు పెట్టుకున్న పల్లెటూరి సంఘాలకు మాత్రం బాగా పనికొస్తుంది.

ప్రెస్సాయన వెయ్యి కొడితే రేటు తగ్గుతుందంటాడు. మొదట రెండు వందలు చాలు. రబ్బరు స్టాంపు, రసీదు పుస్తకాలు, బ్యానరు కూడా అదే అడ్రసుతో, అదే అక్షరాలతో ఉండాలి. పాత రసీదు పుస్తకాల్లో మిగిలిన కాగితాల మీద అడ్డగీత కొట్టి, ఎన్ని మిగిలాయో రాసి భద్రపరచండి.

వచ్చే ఆదివారం తీర్మానం పెట్టడానికి ముసాయిదా నేనే రాశాను: "మన సంఘ రిజిస్టర్డ్ కార్యాలయము మరియు ఉత్తర ప్రత్యుత్తరముల చిరునామా పామూరు రోడ్డులోని సంఘ కార్యాలయ గదిగా ఉండుటకును, సంఘము పేరున వచ్చు తపాలాను స్వీకరించుటకు కార్యవర్గము నియమించిన వ్యక్తికి అధికారము ఇచ్చుటకును, ఏ సభ్యుని నివాస చిరునామాయు సంఘ ముద్రిత పత్రములపై వాడకుండుటకును ఏకగ్రీవముగా తీర్మానించడమైనది." భాష కాస్త పాతకాలపుదే, ఆఫీసుల్లో ఇలా ఉంటేనే చదువుతారు. ఏకగ్రీవం కాకపోతే ఆ మాట కొట్టేసి మెజారిటీ అని రాసుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

తీర్మానం అయితే సోమవారం పొద్దున అధికారపత్రం పట్టుకుని పోస్టాఫీసుకు నేను వెళ్తాను, అక్కడ నన్ను ఇంకా గుర్తుపట్టేవాళ్లు ఉన్నారు. టైలర్ గారితో కార్యదర్శి గారు మాట్లాడాలి. ఇల్లుగలాయనతో అధ్యక్షులు గారు మాట్లాడితే పని అవుతుంది, ఆయన మాట వింటాడు. ప్రెస్సుకు మాత్రం ఈరోజే ఫోన్ చేసి, ప్రూఫు సరిచేసి మళ్లీ పంపేదాకా మిషన్ ఎక్కించొద్దని చెప్పండి.

ఇట్లు,
సంఘ సభ్యుడు, విశ్రాంత తపాలా ఉద్యోగి
కందుకూరు, 523105